డాబ్కోతో బేలిస్–హిల్‌మన్ రియాక్షన్ ఎలా పెట్టాలి: పర్లాకిమిడి ల్యాబ్ బల్ల దగ్గర నుంచి

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మొట్టమొదట ఏ రియాక్షన్ పెట్టమంటారని అడిగే పిల్లలకి నేను ఏటా ఒకటే చెబుతాను: బేలిస్–హిల్‌మన్. వేడి అక్కర్లేదు, నైట్రోజన్ సిలిండర్ అక్కర్లేదు, సోడియం వేసి ఎండబెట్టిన సాల్వెంట్ అక్కర్లేదు. ఒక ఆల్డిహైడ్, ఒక యాక్రిలేట్, డాబ్కో అనే తెల్లటి స్ఫటికాల బేస్ చాలు. ఈ మూడూ కలిపి మూతపెట్టి తిప్పుతూ ఉంటే కొత్త కార్బన్–కార్బన్ బంధం కుదిరిపోతుంది. ఆల్డిహైడ్‌లో ఉన్న ప్రతి పరమాణువూ, యాక్రిలేట్‌లో ఉన్న ప్రతి పరమాణువూ చివరికి తయారైన పదార్థంలోనే ఉంటాయి. డాబ్కో మాత్రం పని చేసిపెట్టి వచ్చినట్టే బయటికి వస్తుంది.

మా పర్లాకిమిడిలో, ఇటు కాశీనగర్, గుణుపూర్‌లలో, అటు బరంపురంలో చాలా ఇళ్లలో మాట తెలుగు, బజారులో ఒడియా, పరీక్ష కాగితం మీద ఇంగ్లీషు. ఇంగ్లీషు మాన్యువల్ చదివి తలూపిన పిల్లలే బల్ల దగ్గరకొచ్చాక “సార్, ఇంతకీ ఈ డాబ్కో ఏం చేస్తాది?” అని అడుగుతారు. ఆ ప్రశ్న తెలుగులో వస్తే జవాబూ తెలుగులోనే పోవాలి. మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. అందుకే ల్యాబ్‌లో మేం మాట్లాడుకునే మాటల్లోనే ఇదంతా రాస్తున్నాను.

ఒక్క షరతు. ఇది కాలేజీ ల్యాబ్‌లో, పనిచేసే హుడ్ (ఘాటు ఆవిర్లని బయటికి లాగేసే అద్దాల అర) కింద, పక్కన తెలిసినవాళ్లు ఉండగా చేసేది. మిథైల్ యాక్రిలేట్ ఘాటు కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది, చర్మానికి పడదు, చాలా సులువుగా అంటుకుంటుంది. హుడ్ పాడై ఉంటే అది బాగయ్యేదాకా ఈ రియాక్షన్ పెట్టకండి. బాగు చేయించమని అడగడానికి మొహమాటపడకండి.

ముందు డాబ్కోని అర్థం చేసుకోండి

డాబ్కో అసలు పేరు 1,4-డైఅజాబైసైక్లో[2.2.2]ఆక్టేన్. ట్రైఇథిలీన్ డైఅమీన్ అన్నా ఇదే. అణుభారం 112.17. ఫోమ్ పరుపులకి వాడే పాలీయూరిథేన్ తయారీలో ఇది పేరున్న ఉత్ప్రేరకం.

ఆకారం ఊహించుకోవాలంటే డోలు తలుచుకోండి. రెండు వైపులా చర్మం బిగించిన చోట ఒక్కో నైట్రోజన్, మధ్యలో డోలు తాళ్లలా మూడు వంతెనలు, ఒక్కో వంతెనలో రెండు కార్బన్లు. నైట్రోజన్ మీద బంధంలో చేరని ఎలక్ట్రాన్ జంట డోలు కొసల నుంచి బయటికి చూస్తూ ఉంటుంది. వంతెనలు మూడూ వెనక్కి లాగి కట్టేసినట్టు ఉంటాయి కాబట్టి ఆ జంటకి అడ్డం వచ్చేవాళ్లు లేరు.

ఇప్పుడు ట్రైఇథైల్ అమీన్‌ని పక్కన పెట్టి చూడండి. బేస్‌గా అదే బలమైంది. దాని సంయుగ్మ ఆమ్లం పీకేఏ సుమారు 10.7 అయితే డాబ్కోది సుమారు 8.8. ఈ అంకె ఎంత ఎక్కువైతే బేస్ అంత బలమైంది. కానీ దాని మూడు ఇథైల్ గుంపులూ గాలికి తిరగబడ్డ గొడుగులా అటూ ఇటూ ఊగుతూ నైట్రోజన్ ముందుకొచ్చి నిలబడతాయి. ఈ రియాక్షన్‌లో కావాల్సింది ప్రోటాన్ లాక్కునే బలం కాదు, ఒక కార్బన్ దగ్గరకి చేరి దాన్ని అంటుకునే వీలు. అందుకే బలం తక్కువైనా డాబ్కోయే గెలుస్తుంది. పుస్తకంలో “బేస్” అని రాసి ఉన్నా, ఇక్కడ అది చేసే పని న్యూక్లియోఫైల్ పని, అంటే తన ఎలక్ట్రాన్ జంటతో కార్బన్‌ని పట్టుకునే పని. పిల్లలు వైవాలో తడబడేది సరిగ్గా ఈ చోటే.

జరిగేది ఇది. డాబ్కో నైట్రోజన్ పోయి యాక్రిలేట్ జంట బంధం కొసన ఉన్న కార్బన్‌ని పట్టుకుంటుంది. అప్పుడు ఎస్టర్ పక్క కార్బన్ మీద ఋణావేశం చేరుతుంది. ఆ కార్బన్ పోయి ఆల్డిహైడ్ కార్బొనైల్‌ని పట్టుకుంటుంది. తర్వాత ఒక ప్రోటాన్ కార్బన్ మీంచి ఆక్సిజన్ మీదికి చేరాలి, అది చేరగానే డాబ్కో విడిపోతుంది, జంట బంధం మళ్లీ ఏర్పడుతుంది. విడిపోయిన డాబ్కో ఇంకో యాక్రిలేట్ దగ్గరకి పోతుంది. మధ్యలో ఆ ప్రోటాన్ మారడమే చాలాసార్లు నత్తనడక. ఓహెచ్ ఉన్న అణువు ఒకటి పక్కన ఉంటే ఆ ప్రోటాన్‌ని చేతి మీంచి చేతికి అందించినట్టు అందిస్తుంది. కింద మిథనాల్ వాడమని చెప్పేది అందుకే. తయారైన పదార్థంలోనూ ఓహెచ్ ఉంటుంది కాబట్టి అదీ సాయపడుతుంది. మొదటి గంటల్లో ఏమీ జరగనట్టు కనిపించి తర్వాత ఊపందుకున్నా కంగారుపడకండి.

ఈ రియాక్షన్‌ని సెలనీజ్ కంపెనీలో పనిచేసిన బేలిస్, హిల్‌మన్ 1972లో జర్మన్ పేటెంట్‌గా ప్రకటించారు. అంతకు ముందే 1968లో జపాన్‌లో మొరీటా ఫాస్ఫీన్‌తో ఇలాంటిదే చేశారు కాబట్టి ముగ్గురి పేర్లూ కలిపి చెప్పేవాళ్లూ ఉన్నారు. చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోని ఈ రియాక్షన్‌ని ప్రపంచం బల్ల మీదికి తెచ్చినవాళ్లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య దీవి బసవయ్యగారు ముందు వరసలో ఉంటారు. 1996లో, 2003లో తన విద్యార్థులతో కలిసి ఆయన రాసిన సమీక్షా వ్యాసాలు ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతివాళ్లూ చదువుతారు. ఈ సంగతి మా పిల్లలకి చెప్పినప్పుడు వాళ్ల ముఖాల్లో వచ్చే వెలుగు నాకు ఇష్టం. పెద్ద కెమిస్ట్రీ ఎక్కడో సముద్రాల అవతలే పుడుతుందని వాళ్లు అనుకుంటారు మరి.

సీసా తెరిచే ముందు

డాబ్కో గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. మా వైపు ఆషాఢం, శ్రావణం వచ్చాయంటే ఇంట్లో బెల్లం ఎలా చెమ్మగిల్లుతుందో ల్యాబ్‌లో డాబ్కో అలాగే అవుతుంది. మంచి డాబ్కో పొడిగా, తెల్లగా, స్పాచులాతో తీస్తే గలగలా రాలుతుంది. చెడింది ముద్దకట్టి, అంచుల్లో మెరుస్తూ, స్పాచులాకి అతుక్కుంటుంది. కాస్త చెమ్మ ఈ రియాక్షన్‌ని చంపదు. చెడగొట్టేది మీ లెక్కని. 0.56 గ్రాములు తూచామనుకుంటారు, అందులో ఎంత డాబ్కోయో ఎంత నీరో మీకు తెలీదు. రేపు “నాకు ఇరవై గంటలు పట్టింది, వాడికి రెండు రోజులు పట్టింది” అన్న గొడవ అక్కడే మొదలవుతుంది.

ముద్దకట్టిన డాబ్కోని పారేయకండి, బాగుచేసుకోవచ్చు. ఇది కర్పూరంలా ఘనం నుంచి నేరుగా ఆవిరవుతుంది. పాత సీసా మూత తీసి లోపలి అంచు చూడండి, సన్నటి స్ఫటికాలు పేరుకుని ఉంటాయి. ఎవరూ అక్కడ పెట్టలేదు, తనే ఎగిరిపోయి అంటుకుంది. ఈ గుణాన్నే వాడుకుందాం. సబ్లిమేషన్ గొట్టం అడుగున మూడు నాలుగు గ్రాములు వేయండి, మధ్యలో వేలాడే కోల్డ్ ఫింగర్‌లో ఐస్ నీళ్లు పోయండి, వాటర్ పంపు వాక్యూమ్ పెట్టి కింద నూనె బాత్‌ని మెల్లగా 70, 80 డిగ్రీల దాకా తీసుకెళ్లండి. కాసేపటికి కోల్డ్ ఫింగర్ మీద తెల్లటి నూగు కనిపిస్తుంది, తర్వాత అది గట్టి పొరగా పేరుకుంటుంది. పూర్తిగా చల్లారాక, వాక్యూమ్‌ని నెమ్మదిగా వదిలి, పొరని పొడి కాగితం మీదికి గీకండి. హడావిడిగా గాలి వదిలితే పొరంతా రాలి మళ్లీ మురికిలో పడుతుంది.

డాబ్కోని ఎండబెట్టడానికి హైవాక్యూమ్ పంపుకి పెట్టకండి. నీరు పోవడం సంగతి అటుంచి డాబ్కోయే పంపులోకి పోతుంది. డెసికేటర్‌లో పొటాషియం హైడ్రాక్సైడ్ గుళికలు వేసి అందులో ఉంచండి. ఫాస్ఫరస్ పెంటాక్సైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం లాంటివి దీని దగ్గరకి తేవద్దు. ఎగిరే బేస్‌ని ఆమ్లం పక్కన పెడితే అది అక్కడికే చేరుతుంది. మెల్టింగ్ పాయింట్ చూసేటప్పుడు క్యాపిలరీ రెండో కొస కూడా మంటలో మూసేయండి, లేదంటే కరిగేలోపే ఆవిరై పైకి పోతుంది. 156 నుంచి 158 డిగ్రీల దగ్గర కరిగితే సరుకు బాగున్నట్టే.

ఆల్డిహైడ్, యాక్రిలేట్

మొదటిసారికి 4-నైట్రోబెంజాల్డిహైడ్ తీసుకోండి. నైట్రో గుంపు ఎలక్ట్రాన్లని లాగుతుంది కాబట్టి కార్బొనైల్ కార్బన్ ఆకలిగా ఉంటుంది, రియాక్షన్ గంటల్లో కదులుతుంది. మామూలు బెంజాల్డిహైడ్‌తో అయితే రోజులు. ఆనిసాల్డిహైడ్‌తో అయితే వారాలు గడిచినా పూర్తికాక మీరు విసిగిపోతారు.

ఆల్డిహైడ్ పాతదైతే గాలి తగిలి కొంత ఆమ్లంగా మారిపోయి ఉంటుంది. ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. ఆమ్లం ఉన్న ప్రతి చుక్కా అంత డాబ్కోని ఉప్పుగా కట్టిపడేస్తుంది. ఉప్పుగా మారిన డాబ్కోకి పట్టుకోవడానికి ఎలక్ట్రాన్ జంటే మిగలదు. మెల్టింగ్ పాయింట్ చూడండి. 103–106 దగ్గర స్పష్టంగా కరిగితే సరే. అంతకంటే ముందే మొదలై సాగుతూ కరిగినా, కరిగిన ద్రవంలో తెల్లటి పలుకులు మిగిలినా, ఇథైల్ అసిటేట్‌లో కరిగించి సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో కడిగి, ఎండబెట్టి, ఇగిర్చి వాడండి.

మిథైల్ యాక్రిలేట్ సీసాలో దానంతట అది పాలిమర్ అయిపోకుండా కొంచెం నిరోధకం కలిపి ఉంటుంది. దాన్ని తీసేయాలని డిస్టిల్ చేయకండి, ఉన్నదున్నట్టు వాడండి. సీసాని ఫ్రిజ్‌లో ఉంచండి కానీ నైట్రోజన్ నింపకండి. ఆ నిరోధకం పనిచేయాలంటే కాస్త ఆక్సిజన్ ఉండాలి. జాగ్రత్త ఎక్కువైనవాళ్లే ఈ తప్పు చేస్తారు.

కలపడం

25 మి.లీ. ఆర్బీ (గుండ్రటి అడుగున్న) ఫ్లాస్క్, మ్యాగ్నెటిక్ బీడ్, గట్టిగా పట్టే మూత తీసుకోండి. ఫ్లాస్క్ పొడిగా ఉంటే చాలు, ఓవెన్‌లో రాత్రంతా పెట్టక్కర్లేదు.

4-నైట్రోబెంజాల్డిహైడ్ 1.51 గ్రాములు, అంటే 10 మిల్లీమోల్స్, తూచి వేయండి. మిథనాల్ 4 మి.లీ. పోయండి. మిథనాలే ఎందుకంటే ప్రోటాన్ అందించే పని ఒకటి పైన చెప్పాను, రెండోది ఎస్టర్ మిథైల్‌దే కాబట్టి సాల్వెంట్‌తో గుంపులు మారినా తేడా రాదు. ఇథనాల్ వాడి మిథైల్, ఇథైల్ ఎస్టర్లు కలగలిసిన ఎన్ఎమ్ఆర్ (అణువులో ఏ హైడ్రోజన్ ఎక్కడుందో గీతలుగా చూపే పరీక్ష) కాగితం పట్టుకుని తల పట్టుకున్న పిల్లల్ని చూశాను.

ఇప్పుడు హుడ్ అద్దం దించి, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, మిథైల్ యాక్రిలేట్ 1.35 మి.లీ. సిరింజితో వేయండి. ఇది 15 మిల్లీమోల్స్, ఆల్డిహైడ్‌కి ఒకటిన్నర రెట్లు. కాస్త ఆవిరైపోయినా లోటు రాకుండా ఉండడానికీ, ఆల్డిహైడ్ పూర్తిగా ఖర్చవడానికీ ఈ ఎక్కువ. సిరింజిని వెంటనే మిథనాల్‌తో కడిగేయండి. అలాగే బల్ల మీద వదిలేస్తే మీ తర్వాత వచ్చినవాళ్లు కళ్లు నలుపుకుంటారు.

చివర్లో డాబ్కో 0.56 గ్రాములు, 5 మిల్లీమోల్స్. ఉత్ప్రేరకం అంటే చిటికెడు కదా, ఆల్డిహైడ్ మోల్స్‌లో సగం ఎందుకు అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 10, 15 శాతంతోనూ అవుతుంది, కాకపోతే రోజులు పడుతుంది. సెమిస్టర్ ల్యాబ్‌కి ఈ సగం పాలు కుదిరిన మధ్యేమార్గం. డాబ్కోని అన్నిటికంటే చివర తూచండి. ముందే తూచి వాచ్‌గ్లాస్‌లో పెట్టి ఫోను మాట్లాడి వస్తే చెమ్మ పట్టి ఉంటుంది.

మూత బిగించి, మెడ చుట్టూ పారాఫిల్మ్ చుట్టి, గది వేడిలోనే తిప్పండి. మొదట చిక్కటి తెలుపు-పసుపు ముద్దలా ఉంటుంది, ఆల్డిహైడ్ పూర్తిగా కరగదు. అది మెల్లగా పల్చబడి తేట అవుతుంది. ఆ తేట అవడమే మీకు కంటికి కనిపించే మొదటి శుభవార్త. మధ్యలో కరెంటు పోయి స్టిర్రర్ ఆగినా భయపడకండి. కరిగాక తిప్పకపోయినా అది జరుగుతూనే ఉంటుంది.

“వేడి చేస్తే తొందరగా అయిపోదా సార్?” అని కాశీనగర్ నుంచి వచ్చే అమ్మాయి ఒకత్తె అడిగింది. “అవదమ్మా” అన్నాను. ఆ జవాబు నేను కష్టపడి నేర్చుకున్నది. నా ఎమ్మెస్సీ రోజుల్లో తొందర పట్టలేక ఫ్లాస్క్‌ని 70 డిగ్రీల బాత్‌లో పెట్టి ఇంటికి పోయాను. పొద్దున్న వచ్చేసరికి యాక్రిలేట్ పాలిమర్ అయిపోయి బంకలా సాగుతోంది. పనసకాయ కోసినప్పుడు చేతులకి అంటుకునే పాలు ఎలా వదలవో అది అలాగే వదల్లేదు. బీడ్ ఆ ముద్దలో కూరుకుపోయింది. అసిటోన్‌లో రెండు రోజులు నానబెట్టి బీడ్ తీశాను, ఫ్లాస్క్ మాత్రం దక్కలేదు. అయినా నాకు బాధ కలిగింది ఫ్లాస్క్ పోయినందుకు కాదు. అప్పట్లో మాకు ఆల్డిహైడ్ దొరకడమే కష్టం, ఉన్న కాస్తా అందులో పోసేశాను. మూసి ఉన్న ఫ్లాస్క్‌లో 80 డిగ్రీలకే మరిగే, మంటంటుకునే ద్రవాన్ని రాత్రంతా వదిలేసి వెళ్లడం ఎంత ప్రమాదమో ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు ప్రతి ఏడూ నేను చెబుతాను.

పక్కనే రెండు టెస్ట్‌ట్యూబులు

ఈ పని మాన్యువల్‌లో ఉండదు, నేను మాత్రం తప్పక చేయిస్తాను. రెండు చిన్న టెస్ట్‌ట్యూబులు తీసుకుని, రెండింట్లోనూ ఆల్డిహైడ్ 0.15 గ్రాములు, మిథనాల్ 0.4 మి.లీ., యాక్రిలేట్ 0.14 మి.లీ. వేయండి. ఒకదాంట్లో ట్రైఇథైల్ అమీన్ 0.07 మి.లీ. వేయండి. రెండోదాంట్లో ఏ బేస్ వేయకండి. మూతలు పెట్టి పెద్ద ఫ్లాస్క్ పక్కనే ఉంచండి.

మర్నాడు మూడిటికీ ఒకే ప్లేటు మీద టి.ఎల్.సి. (సిలికా పూసిన ప్లేటు మీద పదార్థాలని మచ్చలుగా విడదీసి చూసే పరీక్ష) పెట్టండి. బేస్ లేనిదాంట్లో ఆల్డిహైడ్ నిన్నటిలాగే కూర్చుని ఉంటుంది. ట్రైఇథైల్ అమీన్‌దీ, డాబ్కోదీ పక్కపక్కన చూస్తే డోలుకీ గొడుగుకీ తేడా ఏంటో మీ కళ్లకే తెలుస్తుంది. పీకేఏ పట్టిక బట్టీ కొట్టినవాళ్లు ఈ ప్లేటు చూసి ఒక్క నిమిషం మౌనంగా ఉండిపోతారు. ఆ నిమిషం కోసమే ఈ టెస్ట్‌ట్యూబులు.

టి.ఎల్.సి. చదవడం

హెక్సేన్, ఇథైల్ అసిటేట్ 7:3 పాళ్లలో కలిపి వాడండి. ఫ్లాస్క్‌లోంచి క్యాపిలరీతో ఒక్క చుక్క తీసి, పది చుక్కల ఇథైల్ అసిటేట్‌లో పలచన చేసి స్పాట్ పెట్టండి. నేరుగా పెడితే డాబ్కో, మిథనాల్ వల్ల మచ్చ తోకలా సాగుతుంది. ఎడమ వైపు ఉత్త ఆల్డిహైడ్, కుడి వైపు రియాక్షన్, మధ్యలో రెండూ ఒకే చోట. ఆ మధ్య స్పాట్ మానకండి. రెండు మచ్చలు దగ్గరగా ఉన్నప్పుడు నిజం చెప్పేది అదే.

యూవీ దీపం కింద ఆల్డిహైడ్ పైన, కొత్తగా వచ్చిన ఆల్కహాల్ కింద కనిపిస్తాయి. ఓహెచ్ సిలికాని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి అది వెనకబడుతుంది. రెండూ యూవీలో నల్లగానే కనిపిస్తాయి కనుక దాని మీదే ఆధారపడకండి. ప్లేటుని 2,4-డీఎన్‌పీ ద్రావణంలో ముంచితే ఆల్డిహైడ్ మాత్రమే నారింజ-పసుపు రంగుకి తిరుగుతుంది. ఇంకో ప్లేటు పొటాషియం పర్మాంగనేట్‌లో ముంచితే ఊదా మీద జంట బంధం ఉన్న మీ పదార్థం పసుపుగా మెరుస్తుంది. డీఎన్‌పీ సీసాని ఎప్పుడూ ఎండిపోనివ్వకండి, ఎండిన పొడి పేలే స్వభావం ఉన్నది.

రెండు గంటలకి ఒకటి, నాలుగు గంటలకి ఒకటి, ఇంటికి పోయే ముందు ఒకటి, మర్నాడు రాగానే ఒకటి తీయండి. మామూలుగా ఒక రోజులో ఆల్డిహైడ్ మచ్చ సన్నబడుతుంది. పుష్య మాసం చలిలో రెండు రోజులు పట్టొచ్చు. ఒక రోజంతా ఏమీ కదలకపోతే ఆల్డిహైడ్‌లో ఆమ్లం ఉందేమో, డాబ్కో నీరుకారిందేమో చూడండి. మంచి డాబ్కో ఇంకో 0.28 గ్రాములు వేసి మరో రోజు ఆగండి. వేడి మాత్రం చేయకండి.

వర్కప్

రియాక్షన్ అయ్యాక పదార్థాన్ని మిగతావాటి నుంచి వేరుచేసే పని ఇది, ఇక్కడ పెద్ద విశేషం లేదు. ఇథైల్ అసిటేట్ 30 మి.లీ. వేసి సెపరేటరీ ఫన్నెల్‌లోకి మార్చండి. 1 నార్మల్ (1N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, ఒక్కోసారి 15 మి.లీ. చొప్పున, రెండుసార్లు కడగండి. నూరు మి.లీ. చేసుకోవాలంటే నీళ్లలో గాఢ ఆమ్లం సుమారు 8.5 మి.లీ. పోస్తే చాలు, నీళ్లలో ఆమ్లమే, ఆమ్లంలో నీళ్లు కాదు. డాబ్కో ఉప్పుగా మారి నీళ్లలోకి దిగిపోతుంది. తర్వాత బైకార్బొనేట్‌తో ఒకసారి కడగండి. గ్యాస్ వస్తుంది, మొదట మూత పెట్టకుండా తిప్పి, తర్వాత మూసి, మాటిమాటికీ స్టాప్‌కాక్ తెరిచి గాలి వదలండి. చివర్లో ఉప్పునీళ్లతో ఒకసారి కడిగి, అన్‌హైడ్రస్ సోడియం సల్ఫేట్ వేసి, వడకట్టి, రోటావేపర్ (వాక్యూమ్ కింద ఫ్లాస్క్‌ని తిప్పుతూ సాల్వెంట్‌ని లాగేసే యంత్రం) మీద ఇగర్చండి. మిగిలిపోయిన యాక్రిలేట్ రోటావేపర్ ట్రాప్‌లోకి వస్తుంది కాబట్టి ఆ ట్రాప్‌ని హుడ్‌లోనే ఖాళీ చేయండి. క్లోరిన్ లేని సాల్వెంట్ల డబ్బాలో పోయాలి, సింకులో కాదు. మన డ్రైనేజీ చివరికి మహేంద్రతనయ నదిలోకే పోతుంది.

మిగిలేది లేత పసుపు నూనె. పిల్లలు ఇక్కడ నిరుత్సాహపడతారు, “సార్, స్ఫటికాలు రాలేదు” అంటారు. దీని మెల్టింగ్ పాయింటే తక్కువ, డెబ్బై డిగ్రీలు దాటి కొంచెం. కాస్త సాల్వెంట్ మిగిలినా, కాస్త ఆల్డిహైడ్ మిగిలినా నూనెగానే కూర్చుంటుంది. టి.ఎల్.సి.లో ఆల్డిహైడ్ కనిపిస్తే సిలికా నింపిన గొట్టంలోంచి పోనిచ్చి విడదీయండి, అంటే కాలమ్ వేయండి, హెక్సేన్‌లో ఇథైల్ అసిటేట్ 20 శాతంతో మొదలుపెట్టి 30కి పెంచండి. శుభ్రమైన నూనెకి చుక్క ఇథైల్ అసిటేట్, ఎక్కువ హెక్సేన్ వేసి, గాజు కడ్డీతో ఫ్లాస్క్ లోపలి గోడని గీయండి. గీసిన గీత వెంట తెల్లటి నూగు పుడుతుంది. అది పుట్టాక ఫ్రిజ్‌లో పెట్టి కదపకండి. ముందటి బ్యాచ్ స్ఫటికం ఒక్కటి దాచుకుని ఉంటే అదే విత్తనం. మా ల్యాబ్‌లో అలాంటి విత్తనాల చిన్న సీసాలు ఒక డబ్బాలో ఉంటాయి, ప్రతి బ్యాచ్ పిల్లలూ తర్వాతి వాళ్లకి ఒకటి వదిలిపోతారు.

పూర్తి రాబడి 2.37 గ్రాములు. 1.9 గ్రాములు వస్తే 80 శాతం, చాలా బాగా చేసినట్టు. మొదటిసారి ఒకటిన్నర గ్రాము వచ్చినా చిన్నబుచ్చుకోకండి.

వచ్చింది అదేనా?

ఐఆర్‌లో 3400–3500 ప్రాంతంలో వెడల్పాటి ఓహెచ్, 1715 దగ్గర ఎస్టర్ కార్బొనైల్, 1520, 1350 దగ్గర నైట్రో పట్టీలు చూడండి. ఎన్ఎమ్ఆర్ కోసం నమూనా బయటికి పంపాల్సి వస్తే ముందు బాగా ఎండబెట్టండి. ఇథైల్ అసిటేట్ మిగిలితే అది మీ కాగితం మీద అసలు దానికంటే ఎత్తుగా నిలబడుతుంది.

కాగితం రాగానే మొదట 10 దాటిన చోట చూడండి. ఆల్డిహైడ్ ప్రోటాన్ 10.1 దగ్గర ఉండేది, అది ఉండకూడదు. తర్వాత 6.4 దగ్గర ఒకటి, 5.9 దగ్గర ఒకటి. ఈ రెండూ ఒకే కార్బన్ మీద ఉన్న వినైల్ ప్రోటాన్లు. ఒక కార్బన్ మీదే ఉన్నా ఒకదాన్ని ఒకటి పెద్దగా చీల్చుకోవు, అందుకే విడివిడి సింగిల్ గీతల్లా వస్తాయి. 5.6 దగ్గర ఓహెచ్ ఉన్న కార్బన్ మీది ప్రోటాన్, 3.7 దగ్గర మిథాక్సీ మూడు ప్రోటాన్లు, 8.2, 7.6 దగ్గర నైట్రో వలయం ఇచ్చే రెండు డబ్లెట్లు. యాక్రిలేట్‌కి వినైల్ ప్రోటాన్లు మూడు, మీ పదార్థానికి రెండు. ఆ పోయిన మూడోదాని స్థానంలోనే కొత్త బంధం వచ్చింది. ఆ రెండు గీతల ఇంటిగ్రేషన్ (గీత కింది వైశాల్యం, అంటే ప్రోటాన్ల లెక్క) ఒకటి, ఒకటి అని లెక్క తేలినప్పుడు వాటి పక్కన పెన్సిల్‌తో అణువు బొమ్మ గీసి, ఏ ప్రోటాన్ ఎక్కడిదో బాణాలు వేయండి. సిద్ధాంత గ్రంథంలో కాదు, ఆ కాగితం మీదే.

సీసా మీద లేబుల్‌లో పేరు, తేదీ, బరువు, మెల్టింగ్ పాయింట్, నోట్‌బుక్ పేజీ నంబర్ రాయండి. డాబ్కో ఏ సీసాలోది, సబ్లిమేషన్ చేశారా లేదా అన్నది నోట్‌బుక్‌లో రాయండి. ఆ రోజు గది ఉష్ణోగ్రత, వాన పడిందా లేదా కూడా రాయండి. వచ్చే ఏడు మీ చోట నిలబడే పిల్లకి, “మాకు రెండు రోజులు ఎందుకు పట్టింది?” అని అనుమానం వస్తే జవాబు ఆ పేజీలో దొరకాలి.